ఓసీటీలో ఎరుపు, ఫీల్డ్ టెస్టు నార్మల్: నాన్నగారి కంటి నరం దెబ్బతిన్నట్టా, లేనట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది పర్లాకిమిడి. నాన్నగారికి 61 ఏళ్లు, కిరాణా కొట్టు చూసుకుంటున్నారు. కళ్లజోడు మార్పించుకుందామని వెళ్తే కంటి ప్రెషర్ కుడివైపు 26, ఎడమవైపు 24 వచ్చింది. ఓసీటీ (కంటి వెనక నరాల పొర మందం కొలిచే స్కాన్) తీస్తే కుడి కంట్లో నరాల పొర కింది భాగం ఎర్రగా చూపించింది, సగటు మందం 76 మైక్రాన్లు. ఫీల్డ్ టెస్టు (చుట్టుపక్కల చూపు ఎంతుందో కొలిచేది) మాత్రం రెండు కళ్లకీ నార్మల్. జోడు పెట్టుకుంటే బోర్డు మీద చివరి వరుస దాకా చదివేస్తున్నారు. విశాఖలో డాక్టరు గ్లకోమా (నీటికాసులు) మొదలైంది, రోజూ చుక్కలు వేయాలన్నారు. బరంపురంలో చూసినాయన ఫీల్డ్ బాగానే ఉంది కదా, ఆర్నెల్లు ఆగి చూద్దామన్నారు. "నరం దెబ్బతింటే చూపు ఎందుకు తగ్గలేదు? చూపు తగ్గనప్పుడు మందు ఎందుకు?" అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. రెండు రిపోర్టులూ నిజమే అయ్యుండొచ్చు. గ్లకోమాలో చాలామందికి నరం ముందు దెబ్బతింటుంది, ఫీల్డ్ టెస్టులో అది తర్వాత పట్టుబడుతుంది, మనిషికి స్వయంగా తెలిసేది అన్నిటికంటే ఆఖర్న. ఓసీటీలో ఆ ఎరుపు నిజమైన ఎరుపే అయితే, దానికి 26 ప్రెషర్ తోడైనప్పుడు, మందు మొదలుపెట్టడానికి ఫీల్డ్ పాడయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. పోయిన నరం మందుతోనూ రాదు, ఆపరేషన్‌తోనూ రాదు. చుక్కలు చేసేదల్లా మిగిలినదాన్ని కాపాడడమే.

నేను డాక్టర్ని కాను, ఆప్టోమెట్రిస్టుని. రాయగడ, గుణుపూర్ వైపు చాలా ఏళ్లుగా ఓసీటీలూ ఫీల్డ్ టెస్టులూ చేయడమే నా పని. మందు వేయాలా వద్దా అన్నది మీ డాక్టరు తేల్చాలి. ఆ రెండు కాగితాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవో మాత్రం నేను వివరంగా చెప్పగలను.

కంటి నుంచి మెదడుకి వెళ్లే నరంలో దాదాపు పది, పన్నెండు లక్షల సన్నటి తంతువులు ఉంటాయి. అవన్నీ కంటి వెనక ఒక చిన్న జల్లెడలాంటి భాగం గుండా బయటికి వెళ్తాయి. లోపలి ఒత్తిడి ఎక్కువైనా, లేదా ఆ మనిషి జల్లెడ ఆ ఒత్తిడికి తట్టుకోలేనిదైనా, అక్కడే తంతువులు నలిగి మెల్లగా చనిపోతాయి. డాక్టర్లు "కప్పు (నరం మధ్యలోని గుంట) పెరిగింది" అనేది, ఓసీటీ "పొర పలచబడింది" అనేది ఈ తంతువులు తగ్గిపోవడాన్నే.

ఎన్ని తంతువులు పోతే చూపులో తెలుస్తుంది? 1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యారీ క్విగ్లీ బృందం చనిపోయినవారి కళ్లను పరీక్షించి తంతువులు లెక్కపెట్టింది. అప్పట్లో వాడే గోల్డ్‌మన్ ఫీల్డ్ టెస్టులో లోపం కనబడేలోపే 40% దాకా తంతువులు పోయి ఉండొచ్చని తేలింది. 2000లో అదే బృందం ఇప్పటి కంప్యూటర్ ఫీల్డ్ మెషిన్లతో పోల్చి చూస్తే, టెస్టులో తేడా తేలేసరికి ఈ తంతువులు పుట్టే కణాల్లో 25 నుంచి 35% పోయి ఉన్నాయి. ఇవి సగటులు, కంటికీ కంటికీ తేడా చాలా ఉంటుంది. అయినా "ఫీల్డ్ నార్మల్ కాబట్టి నరానికేమీ కాలేదు" అనే మాట ఎందుకు నిలబడదో ఈ లెక్కలే చెబుతాయి.

చేలో అక్కడక్కడా దుబ్బులు చచ్చిపోయినా గట్టు మీద నించుని చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. నాన్నగారి ఫీల్డ్ టెస్టు ఇప్పుడు గట్టు మీంచి చూసిన చూపు. ఓసీటీ చేలోకి దిగి దుబ్బులు లెక్కపెట్టింది.

రెండో కారణం కొలత. దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి, మీ గందరగోళంలో సగం ఇక్కడే తీరుతుంది. ఓసీటీ మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది, అది మామూలు స్కేలు లెక్క. ఫీల్డ్ మెషిన్ డెసిబెల్స్‌లో కొలుస్తుంది. డెసిబెల్స్‌లో 3 తగ్గిందంటే వెలుగును పట్టే శక్తి సగానికి పడిపోయినట్టు. 10 తగ్గిందంటే పదో వంతే మిగిలినట్టు. 20 తగ్గితే నూరో వంతు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట నరాలు సగం పోయాయనుకుందాం. ఓసీటీలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫీల్డ్‌లో మాత్రం అక్కడ తగ్గేది 3 డెసిబెల్స్. ఆరోగ్యంగా ఉన్న కంటికి కూడా టెస్టులో మెరిసే ఒక్కో వెలుగు చుక్క దగ్గర ఈ రోజుకీ రేపటికీ రెండు, మూడు డెసిబెల్స్ తేడా మామూలుగానే వస్తుంది, కాబట్టి ఆ నష్టం అందులో కలిసిపోతుంది. జబ్బు ముదిరాక కథ తిరగబడుతుంది. పదో వంతు మిగిలిన నరం నూరో వంతుకి వచ్చిందంటే ఓసీటీలో నాలుగైదు మైక్రాన్ల కదలిక కూడా ఉండకపోవచ్చు, ఫీల్డ్‌లో మాత్రం మరో 10 డెసిబెల్స్ కూలిపోతాయి. మొదట్లో ఓసీటీ ముందు మాట్లాడుతుంది, చివర్లో ఫీల్డ్ మాట్లాడుతుంది. న్యూయార్క్‌లోని డొనాల్డ్ హుడ్ ఈ సంబంధాన్ని గణితంగా చూపించారు. మా పనిలో రోజూ కనబడేదీ ఇదే.

నాన్నగారి 76 గురించి. మంచి కంటికి సగటు పొర సుమారు 90 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో పొర 75 మైక్రాన్ల దగ్గరకి వచ్చేదాకా ఫీల్డ్ పెద్దగా కదలలేదు, అక్కడి నుంచి కిందికి దిగడం మొదలైంది. అందరికీ గీత సరిగ్గా అక్కడే ఉండదు, మెషిన్‌ని బట్టీ మారుతుంది. అయినా 76 దగ్గర ఫీల్డ్ నార్మల్‌గా ఉండడంలో వింతేమీ లేదు. అలాగని నిశ్చింతగా కూర్చోవడానికి అది మంచి చోటు కూడా కాదు.

మరి ఆయనకి ఏమీ తెలియట్లేదేం అంటారా? బోర్డు చదివించే పరీక్ష చూసేది నడిమధ్య చూపు ఒక్కటే. ఎంతో ముదిరిన గ్లకోమాలో కూడా 6/6 చదివేవాళ్లు ఉంటారు. ఒక కంట్లో పోయిన చోటుని రెండో కన్ను కప్పేస్తుంది. రెండింట్లోనూ పోయినచోట మెదడు చుట్టుపక్కల దృశ్యాన్ని బట్టి నింపేస్తుంది. ఫీల్డ్ కాగితం మీద నల్లటి మచ్చ చూసి "ఇలా నల్లగా కనిపిస్తుందా?" అని చాలామంది అడుగుతారు. కనిపించదు. అక్కడున్న వస్తువు అసలు లేనట్టే ఉంటుంది, లేదా మసగ్గా ఉంటుంది. అందుకే మన ఊళ్లలో నీటికాసులు అంటే ఒక కన్ను పూర్తిగా పోయాకే ఆసుపత్రికి వచ్చే జబ్బయింది. మన దేశంలో 40 దాటినవారిలో గ్లకోమా ఉన్నవాళ్లు కోటీ పన్నెండు లక్షలమంది అని 2010లో వేసిన అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలీదు.

ఏ భాగం ఎర్రగా ఉందో కూడా ముఖ్యం. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. నరం కింది భాగం దెబ్బతింటే పై చూపు తగ్గుతుంది. నాన్నగారికి కుడి కంట్లో కింది భాగం పలచబడింది కాబట్టి, తర్వాతి ఫీల్డ్ టెస్టుల్లో పై సగంలో, ముక్కు వైపు చుక్కల దగ్గర అంకెలు పడిపోతున్నాయేమో చూడాలి. పై చూపు పోయినవాళ్లు గుమ్మానికి తల కొట్టుకుంటారు, కొట్లో పై అర మీద డబ్బా కోసం తడుముకుంటారు. కింది చూపు పోయినవాళ్లు మెట్టు దగ్గర, గట్టు దగ్గర తూలుతారు. ఎరుపు ఒకచోట, ఫీల్డ్ లోపం దానికి సరిపడని మరోచోట ఉంటే ఒక్క గ్లకోమాతోనే సరిపెట్టుకోకూడదు. గ్లకోమా లోపం అడ్డగీతని గౌరవిస్తుంది, పైకో కిందికో ఉంటుంది. రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం, నిలువుగీత దగ్గర కోసినట్టు పోతే అది మెదడు వైపు సమస్య. గుణుపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి ఏడాదిగా గ్లకోమా చుక్కలు వేస్తున్నారు. ఫీల్డ్ తీస్తే రెండు కళ్లలోనూ ఎడమ సగమే లేదు. స్కాన్‌కి పంపితే పాత పక్షవాతం బయటపడింది.

ఇక "నిజమైన ఎరుపే అయితే" అన్నాను కదా, ఆ సంగతి. ఓసీటీలో ఎరుపంటే జబ్బు అని అర్థం కాదు. మెషిన్‌లో దాచిన మామూలు కళ్ల లెక్కలతో పోలిస్తే ఈ కన్ను బాగా తక్కువ మందంలో ఉందని మాత్రమే. మైనస్ పవర్ ఎక్కువున్న కళ్లలో నరాల దారి పక్కకి జరిగి ఉంటుంది, మెషిన్ ఎరుపు కొట్టేస్తుంది. రాయగడలో డిగ్రీ చదివే ఒకమ్మాయి మైనస్ 8 పవర్‌తో, నాలుగు చోట్ల ఎరుపుతో, తల్లి ఏడుస్తూ తీసుకొస్తే వచ్చింది. ప్రెషర్ 14, నరం గులాబీరంగులో ఆరోగ్యంగా ఉంది. ఏటా తీస్తున్నాం, ఒక్క మైక్రాన్ కూడా అర్థవంతంగా కదల్లేదు. ఆమెకి చుక్కలు అక్కర్లేకపోయింది. శుక్లం ఉన్నా, కన్ను ఎండిపోయి ఉన్నా సిగ్నల్ తగ్గి పొర పలచగా చూపిస్తుంది. కాగితం పైన సిగ్నల్ స్ట్రెంగ్త్ అని పదికి ఒక అంకె ఉంటుంది, 6 కన్నా తక్కువుంటే ఆ స్కాన్‌ని నమ్మొద్దు. మామూలే అని చూపించే ఆకుపచ్చ రంగు కూడా హామీ కాదు. పుట్టుకతోనే 110 మందం ఉన్న కన్ను 90కి పడిపోయినా మెషిన్ ఆకుపచ్చే చూపిస్తుంది.

ఫీల్డ్ టెస్టుకీ ఇదే జాగ్రత్త. మావైపు ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున బయల్దేరి బస్సూ రైలూ మారి, ఏమీ తినకుండా వచ్చిన మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, మధ్యలో పసుపు లైటునే చూడు, పక్కన చుక్క మెరిస్తే బటన్ నొక్కు అంటాం. ఆ చుక్కల్లో దాదాపు సగం ఎవరికీ కనిపించవు. ఎంత మసక వెలుగు దాకా పట్టగలరో తేల్చాలి కాబట్టి మెషిన్ కావాలనే అలా ఇస్తుంది. ఈ సంగతి ముందు చెప్పకపోతే "నాకేం కనబట్లేదు" అని టెన్షన్ పడి గాల్లోనే నొక్కేస్తారు, లేదా కునుకు తీస్తారు. తెలుగు వచ్చినవాళ్లకి తెలుగులో, ఒడియా వచ్చినవాళ్లకి ఒడియాలో చెప్పి, సవర వాళ్లొస్తే తోడొచ్చిన మనిషి చేత చెప్పించి, ముందు ఒక నిమిషం ఉత్తుత్తి టెస్టు పెడితే రిపోర్టే మారిపోతుంది. మొదటి ఫీల్డ్ చాలాసార్లు నేర్చుకోవడానికే సరిపోతుంది. నాన్నగారి మొదటి టెస్టు నార్మల్ రావడం మంచి సూచనే, కానీ అదొక్కటీ ఆధారం కాదు.

ఇంకో లోపం ఉంది. మామూలుగా చేసే 24-2 టెస్టులో చుక్కలు 6 డిగ్రీల ఎడంలో ఉంటాయి. కంటి నరాల కణాల్లో పెద్ద వాటా ఉండేది నడిమధ్య చిన్న ప్రాంతంలో, అక్కడ ఈ టెస్టు పరీక్షించే చుక్కలు చాలా తక్కువ. అందుకే ఓసీటీలో మచ్చ పడినా 24-2 నార్మల్ అనిపించొచ్చు. డాక్టర్ని 10-2 టెస్టు, మాక్యులా స్కాన్ (నడి చూపు ప్రాంతానికి తీసే ఓసీటీ) గురించి అడగండి. 10-2లో చుక్కలు 2 డిగ్రీల ఎడంలోనే ఉంటాయి. నరం కింది భాగం దెబ్బతిన్నవారికి, నాన్నగారిది అదే కాబట్టి, నడి చూపుకి పైన చిన్న మచ్చ ఉందేమో ఇందులో బయటపడుతుంది. చదవడానికి, చిల్లర లెక్కపెట్టడానికి ఆ చోటే ఆధారం.

ముదిరిన జబ్బులో ఓసీటీ మోసం చేసే తీరు కూడా చెప్పాలి, ఇది మీకు ఇప్పుడు అక్కర్లేకపోయినా ఇది చదివే మిగతావాళ్లకి అక్కరకొస్తుంది. నరాలన్నీ పోయినా పొర సున్నాకి రాదు. రక్తనాళాలు, నరాలను పట్టి ఉంచే కణజాలం మిగులుతాయి కాబట్టి 50 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. జయపురం వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు మూడు ఓసీటీలు చూపించి "52, 51, 52, ఏమీ మారలేదు బాబూ" అని సంతోషంగా చెప్పారు. అదే కాలంలో ఆయన ఫీల్డ్ సగటు లోటు మైనస్ 17 డెసిబెల్స్ నుంచి మైనస్ 22కి దిగిపోయింది. ఓసీటీ కదలకపోవడానికి కారణం జబ్బు ఆగిపోవడం కాదు, దిగడానికి ఇంక చోటు లేకపోవడం. అలాంటివారిని ఫీల్డ్‌తోనే గమనించుకోవాలి, అదీ 10-2తో.

ఆర్నెల్లు ఆగితే ఏమవుతుందన్నది బరంపురం డాక్టరు మాటతో వచ్చిన ప్రశ్న. ఆయన అన్నది తప్పని నేననను. ప్రెషర్ మాత్రమే ఎక్కువుండి నరం బాగున్నవాళ్లని చాలాసార్లు ఊరికే గమనిస్తూ ఉంటారు. 2002లో ఫలితాలొచ్చిన అమెరికా అధ్యయనంలో అలాంటి 1,636 మందిని చూశారు. ఐదేళ్లలో చుక్కలు వేయనివారిలో 9.5%, వేసినవారిలో 4.4% మందికి గ్లకోమా తేలింది. వాళ్లలో కొందరికి నరంలో ముందు మార్పు వచ్చింది, కొందరికి ఫీల్డ్‌లోనే ముందొచ్చింది. అంటే ఏ ఒక్క టెస్టూ సరిపోదు. కానీ నాన్నగారికి ప్రెషర్‌తోపాటు నరం పలచబడడం కూడా కనబడింది, అది వేరే మెట్టు. బ్రిటన్‌లో 516 మందితో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, గ్లకోమా తేలినవారిలో 24 నెలల్లో ఫీల్డ్ పాడైనవాళ్లు ఉత్తుత్తి చుక్కలు వేసుకున్నవారిలో 25.6%, లాటనోప్రోస్ట్ (ప్రెషర్ తగ్గించే చుక్కలు) వేసుకున్నవారిలో 15.2%. స్వీడన్‌లో చేసిన మరో అధ్యయనంలో ప్రెషర్ ఒక్కో అంకె తగ్గినకొద్దీ జబ్బు ముదిరే ముప్పు సుమారు 10% తగ్గింది. ఈ అంకెలు చూశాక ఓసీటీ లోపం ఖాయమైన మనిషిని ఆపమని నేనైతే చెప్పలేను. బరంపురంలో ఆ ఓసీటీ కాగితం చూపించారా, ఫీల్డ్ ఒక్కటే చూపించారా? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు. చూపించకపోతే చూపించి మళ్లీ అడగండి.

మందు మొదలుపెట్టేముందు రెండు పనులు జరిగాయో లేదో కనుక్కోండి. ఒకటి, లెన్స్ పెట్టి కంటి కోణం, అంటే కంటి లోపలి నీరు బయటికి పోయే చోటు, చూడడం. కోణం మూసుకుపోయే రకమైతే ముందు లేజర్ అవసరం పడొచ్చు, దారి మారిపోతుంది. రెండు, నల్లగుడ్డు ముందున్న పొర మందం కొలవడం. అది పలచగా ఉంటే అసలు ప్రెషర్ 26 కన్నా ఎక్కువే అయ్యుండొచ్చు. నాన్నగారికి ఆయాసం, ఉబ్బసం, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం ఉంటే టిమోలాల్ చుక్కలు రాసేముందు తప్పక చెప్పండి. కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది ప్రెషర్ పెంచుతుంది. ఆయన ఎప్పుడైనా నెలల తరబడి అలాంటివి వాడారా అన్నది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి.

పరీక్షల విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే: ఒకే చోట, ఒకే మెషిన్ మీద తీయించండి. విశాఖలో ఒక కంపెనీ ఓసీటీ, బరంపురంలో ఇంకో కంపెనీది అయితే 76నీ 81నీ పోల్చడం కుదరదు. ఒకే మెషిన్ మీద కూడా నాలుగైదు మైక్రాన్ల తేడా సహజం. 76 తర్వాత 74 వస్తే కంగారు పడొద్దు, 70 వచ్చి మళ్లీ తీసినా 70 వస్తే పట్టించుకోవాలి. కొత్తగా తేలినవారికి మొదటి రెండేళ్లలో ఆరు ఫీల్డులు చేయాలని నిపుణుల సలహా ఉంది, జబ్బు వేగంగా నడిచే మనిషి ఎవరో పట్టుకోవడానికి. మనవైపు నుంచి అన్నిసార్లు వెళ్లడం కష్టమని తెలుసు. గుణుపూర్ ప్యాసింజర్‌లో విశాఖ వెళ్లి రావడమంటే కొట్టు మూసుకోవాల్సిందే. కనీసం ఆర్నెల్లకి ఒకసారైనా తీయించండి. వీలైతే ముందురోజే చేరుకుని, రాత్రి నిద్రపోయి, పొద్దున్నే, కన్ను పెద్దది చేసే చుక్కలు వేయకముందే ఫీల్డ్ చేయించండి. ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. ఇప్పటి రిపోర్టే రేపటికి కొలబద్ద, అది పోతే మళ్లీ మొదటికొస్తాం.

నాన్నగారి తోడబుట్టినవాళ్లు, అంటే మీ పెదనాన్న, చిన్నాన్న, మేనత్తలు ఉంటే వాళ్ల కళ్లు కూడా ఈ నెలలోనే చూపించండి. రక్తసంబంధీకుల్లో ఇది వచ్చే అవకాశం బాగా ఎక్కువ. మీకు 40 దగ్గర పడితే మీరూ చూపించుకోండి, ప్రెషర్ ఒక్కటే కాదు, నరం కూడా చూడమని అడగండి.

ఓసీటీ, ఫీల్డ్ రెండు కాగితాల ఫొటోలూ పేరు, నంబరు కనబడకుండా ఇక్కడ పెట్టండి. సిగ్నల్ ఎంతుందో, ఎరుపు ఉన్నచోటికి సరిపడే ఫీల్డ్ చుక్కల్లో చిన్న తేడా ఏమైనా మొదలైందో చూసి రాస్తాను.